మా ఇంట్లో పాత నిబంధన అయిపోయింది

మా వంశంలో పాత నిబంధన అయిపోయింది. చదవడం సంగతి కాదు నేను చెప్పేది. చదవడానికి మా అత్తయ్య ఉంది. ఏటా జనవరి ఒకటిన ఆదికాండం మొదలుపెడితే మామిడికాయల రోజులకల్లా కీర్తనలు దాటేస్తుంది. అయిపోయినవి పేర్లు. మా వాళ్ళలో శారాలు ఇద్దరు, రూతులు ముగ్గురు, ఎస్తేరులు ఇద్దరు, హన్నా, దెబోరా, రాహేలు, మిర్యాము తలా ఒక్కరు. పెళ్ళిలో "రూతూ, ఇలా రామ్మా" అంటే మూడు వైపుల నుంచి ముగ్గురు వస్తారు. ఒకరు మేనకోడలు, ఒకరు వియ్యపురాలు. మూడో ఆవిడ కోపంగా వస్తుంది. ఆ కోపం ఎందుకొచ్చిందో ఆవిడకే గుర్తులేదు. ఇంకా ఎవరూ వాడకుండా మిగిలినవి యెజెబెలు, దెలీలా.

అందుకని, మొన్న ఫిబ్రవరిలో మావాడు డాలస్ నుంచి ఫోన్ చేసి "నాన్నా, ఆడపిల్లట" అన్నప్పుడు (అక్కడ ముందే చెప్పేస్తారు, ఇక్కడైతే చెప్పిన డాక్టరు జైలుకు పోతాడు) సంతోషం వెనకే ఒక దిగులు కూడా పట్టుకుంది. పేరెక్కడి నుంచి తేవాలి? హీబ్రూ నిండుకుంది. ఇక మిగిలింది కొత్త నిబంధన. కొత్త నిబంధన అంటే గ్రీకు.

షరతులు మూడు. పేరు బైబిల్లో ఉండాలన్నది మా ఆవిడ. పలకడానికి ఇంగ్లీషు దొరసానికి నాలుక మెలిపడకూడదన్నది కోడలు. ముద్దుపేరుతో పని లేకుండా పెట్టిన పేరే నిలవాలన్నది మావాడు. ఈ చివరి ఇద్దరి బాధలో న్యాయం ఉంది. మావాడు తిమోతి. తార్నాకలో ఇరవై నాలుగేళ్ళు తిమోతిగా బతికి, అక్కడ దిగిన వారంలో టిమ్ అయ్యాడు. వెనక ఉన్న దేవుడు ఎటు పోయాడో తెలీదు. తిమోతి అంటే దేవుణ్ణి గౌరవించేవాడని అర్థం, టిమ్ అంటే గౌరవించేవాడు మాత్రమే. కోడలి కష్టం ఇంకా పెద్దది. ఆ పిల్ల పేరులో 'జ్ఞ' ఉంది. పేరు చెప్పను గానీ ఆ ఒక్క అక్షరం చాలు. ఆఫీసులో ఒకాయన జకీ నకీ మధ్య ఒక అచ్చు దూర్చి రెండక్షరాలు చేశాడట. ఇంకొకాయన గ అని మొదలుపెట్టి మధ్యలో నీళ్ళు తాగాడట. మూడో ఆయన తెలివైనవాడు, ఎనిమిదేళ్ళుగా "హాయ్ దేర్" అనే పిలుస్తున్నాడు.

అసలు మా ఇంట్లో గ్రీకు కొత్తదేం కాదు. మా అత్తయ్య పేరే యునీకే. నాన్నకి చెల్లెలు, ఎనభై ఏడేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, నర్సుగా రిటైరై ఇరవై రెండేళ్ళుగా మాతోనే ఉంటోంది. బైబిల్లో తిమోతి తల్లి పేరు యునీకే. అందుకే మావాడికి ఆ పేరు పెట్టింది, వాడు పుట్టిన గంటలో, నన్నడక్కుండా. చిన్నప్పుడు ఒంగోలు బళ్ళో "యు... ఎవరికీ? నీకే!" అని ఏడిపించేవారట. తార్నాక వచ్చాక కింది వాటాలోని ముసలి సాయెబు గారు తనని యునానీ అమ్మా అనేవారు. నర్సు కదా, దాంతో పేరూ వృత్తీ ఒకటే అనుకున్నారు పాపం, మోకాళ్ళకు ఏదైనా లేహ్యం ఉందా అని అడిగేవారు. అత్తయ్య ఆయోడెక్స్ ఇచ్చేది. ఆయన చార్మినార్ పక్కన యునానీ దవాఖానా మందుకంటే ఇదే బాగుంది అనేవారు. యునానీ అంటే గ్రీకు అనే అర్థం. అంటే ఆయన తెలియకుండా చిరునామా సరిగ్గానే చెప్పారు.

"మామ్మ పేరే పెట్టుకుందాం నాన్నా, కాకపోతే ఇక్కడ యూనిస్ అంటారు" అన్నాడు మావాడు. ఫోన్ స్పీకర్లో ఉంది.

"యూనిసెవర్రా?" అంది అత్తయ్య.

"నువ్వే మామ్మా."

"నేను కాదు" అంది. అక్కడితో ఆ పేరు పోయింది.

మా ఆవిడ చర్చి క్యాలెండరు వెనక పేజీ మీద పట్టిక రాసింది. లోయి, దొర్కా, రొదే, లూదియ, ఫీబే, క్లోయె, పెర్సిసు, త్రుఫైనా, త్రుఫోసా. చివరి రెండూ రాశాక తనే పైకి చదివి, కవలలైతే చూద్దామంది. తెలుగు బైబిలు చదివే ఇళ్ళల్లో పెరిగినవారికి ఇవేం వింత పేర్లు కావు. మా సంఘంలో దొర్కాలున్నారు, పెర్సిసులున్నారు. కానీ ఎన్నడూ లేనిది, ఒక్కో పేరు పట్టుకుని దులిపి చూస్తుంటే లోపల తెలుగు మాటలు రాలిపడ్డాయి. లోయి అంటే లోయ గుర్తొచ్చింది. పిల్లని ఎత్తు నుంచి తోసినట్టుంటుందంది మా ఆవిడ. దొర్కా అంటే గ్రీకులో జింక. కానీ సందులో ఆడుకుంటున్న పిల్లని అన్నానికి పిలవాల్సి వస్తే? "దొర్కా ఏదీ?" "దొర్కలేదు." మా చిన్నప్పుడు మా వీధిలో నిజంగా ఒక దొర్కా ఉండేది, దాగుడుమూతల్లో ఆ పిల్ల దాక్కుంటే ఆట ముందుకు సాగేది కాదు, దొరికినా దొర్కానే.

అత్తయ్య మాత్రం ఒక్క పేరు పట్టుకుని కూర్చుంది: రొదే.

రొదే కథ తెలియనివారికి రెండు ముక్కలు. అపొస్తలుల కార్యాల్లో పేతురు చెరసాల నుంచి బయటపడి రాత్రిపూట ఒక ఇంటి తలుపు తడతాడు. రొదే అనే పనిపిల్ల వస్తుంది. గొంతు పేతురుదని గుర్తుపట్టి, ఆ సంతోషంలో తలుపు తీయడం మరిచిపోయి లోపలికి పరుగెత్తుకెళ్ళి, పేతురొచ్చాడని అందరికీ చెబుతుంది. వాళ్ళేమో నీకు పిచ్చంటారు. ఆ పిల్ల కాదు నిజమంటుంది. ఈ వాదన నడుస్తున్నంతసేపూ పేతురు బయట తలుపు తడుతూనే ఉంటాడు. మొత్తం బైబిల్లో అత్తయ్య నవ్వుతూ చదివే చోటు ఇదొక్కటే. గ్రీకులో రొదే అంటే గులాబీ.

"గ్రీకులో గులాబీ. తెలుగులో?" అంది మా ఆవిడ.

ఆ ప్రశ్నకు తార్నాకలో జవాబు చెప్పక్కర్లేదు. కిటికీ తీస్తే చాలు.

మావాడు ఇంజనీరు. ఏ వస్తువునీ పరీక్ష పెట్టకుండా నమ్మడు. వాళ్ళ పక్కింట్లో ఒక రిటైర్డ్ పంతులమ్మ ఉంటుంది, అచ్చమైన టెక్సస్ మనిషి. మావాడు ఈ పేర్లన్నీ మన పలుకుబడి ప్రకారం ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఆవిడ చేతికిచ్చి, చదివించి, రికార్డు చేసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. మేం ముగ్గురం భోజనాల బల్ల దగ్గర గోంగూర జాడీకి ఫోన్ ఆనించి విన్నాం.

మొదట అత్తయ్య పేరే, ఊరికే సరదాకి. ఆవిడ కాసేపు ఆగి "యూనైకీ" అంది. మేం ఉలిక్కిపడ్డాం గానీ ఆలోచిస్తే ఆవిడ తప్పేం లేదు. ఆ బూట్ల కంపెనీ నైకీ, మా అత్తయ్య పేరులోని నీకే, రెండూ ఒకటే మాట. గ్రీకులో విజయం అని. యునీకే అంటే మంచి విజయం. కాలేజీ కుర్రాళ్ళు వేలు పోసి కాళ్ళకు తొడుక్కునే పేరు అత్తయ్య ఎనభై ఏడేళ్ళుగా ఊరికే మోస్తోంది.

దొర్కా దగ్గరికొచ్చి ఆవిడ దగ్గింది. దగ్గు కాదట అది, నవ్వు. అక్కడ బడిపిల్లలు తింగరిమొహం గాణ్ణి డోర్క్ అంటారట. పేరు కొట్టేశాం. క్లోయె అనే పేరును అక్కడి స్పెల్లింగులో రాస్తే ఆవిడ ఇట్టే పలికేసింది గానీ, అదే స్పెల్లింగు చూసి మా అత్తయ్య, మిషన్ బళ్ళో చదివిన మనిషి, "చలో" అని చదివింది. ఉస్మానియా గోడ పక్కన నలభై ఏళ్ళున్నవాడికి చలో అనే మాట తర్వాత ఏమొస్తుందో తెలుసు. చలో అసెంబ్లీ. పిల్లని పిలిచినప్పుడల్లా పోలీసు వ్యాను వస్తుందేమో అనిపించింది. ఫీబే మంచి పేరే, అయితే మా తోడల్లుడి మనవరాలు దాన్ని నిరుడే పట్టుకుపోయింది. లూదియకు పరీక్షతో పని లేకపోయింది. అది కోడలి పెద్దమ్మ పేరు, ఆవిడకీ మా వియ్యపురాలికీ మాటల్లేవు. ఈలోగా కోడలు బైబిలు వదిలేసి సొంతంగా పెనెలొపె అనే పేరు పంపింది. "పెనం లోపలా?" అని మా ఆవిడ జవాబు పెట్టింది. తర్వాత రెండు రోజులు గ్రూపులో నిశ్శబ్దం.

చివరగా రొదే. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా, ఎంతో ధైర్యంగా చదివింది: "రోడ్."

మా ఆవిడ విజయగర్వంతో అత్తయ్య వైపు చూసింది. ఇక్కడ రొద, అక్కడ రోడ్డు. రెండూ కలిపితే తార్నాక చౌరస్తా.

పొద్దున్నే ఉస్మానియా ఆవరణలో నడవడం నా అలవాటు. నాతో నడిచే ఆయన్ని మేమంతా ఫొనెటిక్స్ మాస్టారు అంటాం. పక్కనే ఉన్న సీఫెల్లో దేశం నలుమూలల నుంచీ వచ్చిన ఇంగ్లీషు టీచర్లకు నోరు తిప్పడం నేర్పి రిటైరయ్యారు. ఆ సంస్థ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా పుట్టింది. 1972లో విదేశీ భాషల్ని కలుపుకుని సీఫెల్ అయింది. 2007లో విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయింది. మాస్టారికి మాత్రం అది ఇంకా సీఫెలే. ఇఫ్లూ అంటే జలుబు చేసినట్టుంటుంది అంటారు.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని నా గోడు చెప్పుకున్నాను. 1939లో తెరిచిన ఆ గులాబీ రంగు రాతి భవనం ముందు అప్పటికే ఒక కాబోయే దంపతుల ఫొటో షూటింగు నడుస్తోంది. అబ్బాయి అమ్మాయిని ఎత్తుకోలేక మూడోసారి దించాడు. మాస్టారు అంతా విని, "అయితే మీ అత్తయ్య గారిదే తప్పంటారా?" అన్నారు.

"తప్పని కాదండీ, ఇంగ్లీషువాళ్ళకు నోరు తిరగదంట."

"ఎలా తిరుగుతుంది? పాడుచేసింది వాళ్ళైతే!" అని ఆయన సర్దుకుని కూర్చున్నారు. నాకు ఆ సర్దుకోవడం తెలుసు, ముప్పావుగంట. "అసలు గ్రీకులో ఉన్నది క. ఆ పేరు లాటిన్‌లోకి పోయి సి అక్షరమైంది. ఆ సి పక్కన ఇ, ఎ లాంటి అచ్చులొస్తే జనం నోళ్ళలో నాని నాని స అయిపోయింది. ఇంగ్లీషువాడికి అందింది ఆ నానిన ముక్క. మన బైబిలు రాసినవాళ్ళు లాటిన్ గడప తొక్కకుండా తిన్నగా గ్రీకు ముందు పెట్టుకున్నారు, కాబట్టి క అలాగే మిగిలింది. సోక్రటీసు బతికొచ్చి మీ తార్నాక సందులో నిలబడ్డాడనుకోండి. మీరు యూనిస్ అని పిలిస్తే పట్టించుకోడు. యునీకే అన్నారా, తిరిగి చూస్తాడు."

"సోక్రటీసెందుకు చూస్తాడండీ, పేరు ఆయనది కాదుగా?"

"ఆడపిల్ల పేరు కదండీ, చూస్తాడు" అన్నారు మాస్టారు.

తెలుగు బైబిలు కథ నాకూ కొంత తెలుసు. విశాఖపట్నంలో లండన్ మిషన్ దొరలు ఆనందరాయరు అనే పండితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎందరో చేతులు వేశారు. వాళ్ళలో ఎవరికొచ్చిన బుద్ధో గానీ గ్రీకు అచ్చుల దగ్గర మహా పట్టుదల చూపించారు. ఇంగ్లీషులో లిడియా అయినావిడ మనకు లూదియ. గ్రీకులో అక్కడున్నది మూతి సున్నాలా చుట్టి ఇ అంటే వచ్చే ధ్వని, మనకూ లేదు, ఇంగ్లీషుకూ లేదు. వాళ్ళు ఇ తీసుకున్నారు, మనం ఉ తీసుకున్నాం. మూతి మనకు మిగిలింది, నాలుక వాళ్ళకు మిగిలింది.

మాస్టారి ఉపన్యాసం అక్కడితో ఆగలేదు. ప్రాచీన గ్రీకులో మూడు అక్షరాలుండేవట, సరిగ్గా మన ఫ, థ, ఖ. ఊపిరి తగిలించి పలికేవి. ఫిలిప్పును ఫలంలోని ఫతోనే పలికేవారు, పళ్ళూ పెదవీ కలిపి ఊదేవారు కాదు. "అంటే గ్రీకు నేర్చుకోవడానికి పుట్టిన జాతి మనది. కానీ మనమేం చేస్తున్నాం? ఫలాన్ని కూడా ఇంగ్లీషు ఫ్యాను మల్లే ఊదుతున్నాం" అని ఆయన విచారించారు. పోనీ ఇప్పటి గ్రీకులైనా నిలబెట్టుకున్నారా అంటే అదీ లేదట. ఏథెన్స్‌లో ఇవాళ యునీకేని ఎవ్నీకి అంటారు, ఫీబేని ఫీవి అంటారు. సొంతవాళ్ళే మార్చేసుకున్నాక పక్కింటి పంతులమ్మను ఏమనగలం?

ఫొటో షూటింగు కుర్రాడు నాలుగోసారి ఎత్తాడు. ఈసారి నిలిచింది.

"ఈ మెట్లు చూశారూ" అన్నారు మాస్టారు, "ఈ యూనివర్సిటీ 1918లో ఉర్దూలో పాఠాలు చెప్పడానికి పుట్టింది. పుస్తకాలు కావాలి కదా, అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా అని ఒక అనువాద శాఖ పెట్టారు. ఇక్కడ ఫిలాసఫీ చదివిన పిల్లలకు ప్లేటో లేడు. అఫ్లాతూన్ ఉన్నాడు. అరిస్టాటిల్ లేడు, అరస్తూ ఉన్నాడు. సోక్రటీసు సుక్రాత్. అరబ్బులకు ప పలకదు, ప్లాటోన్‌లో పను ఫ చేశారు, ముందు ఒక అ తగిలించారు, అయిపోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎవడైనా అతితెలివి చూపిస్తే ఏమంటాం?"

"పెద్ద అఫ్లాతూన్‌వా అంటాం."

"అదీ. రెండు వేల మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా పేరు చెప్పుకుంటున్నాం, కాకపోతే తిట్టేటప్పుడు."

ఆయన అన్నాక నాకు ఇంటికెళ్ళే దారంతా అదే ధ్యాస. మెట్టుగూడ వైపు పోయే బస్సు బోర్డు మీద సికింద్రాబాద్ అని ఉంది. నలభై ఏళ్ళుగా చూస్తున్న బోర్డు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద పెట్టిన ఊరు. సికందర్ ఎవరు? గ్రీకు అలెక్సాండ్రోస్. అరబ్బు నోట్లో పడి ఇస్కందర్ అయ్యాడు, పారశీకంలో నలిగి సికందర్ అయ్యాడు, ఇంగ్లీషు కంటోన్మెంటు దొరలు దాన్ని తమ స్పెల్లింగులో సెకండ్ క్లాసు డబ్బాలా రాసుకున్నారు, మనం సికింద్రాబాద్ అంటున్నాం. పాతవాళ్ళు వీటన్నిటితో విసిగి లష్కర్ అనేసి ఊరుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే అశోకుడు తన పదమూడో శాసనంలో అలెగ్జాండర్ అనే పేరున్న ఇంకో గ్రీకు రాజును అలికసుదర అని చెక్కించాడు. ఆ శాసనాల ప్రతి ఒకటి మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. అలికసుదర! మా కోడలు వింటే ఎంత సంతోషించేది. చక్రవర్తి ఆఫీసులో కూడా ఒక "హాయ్ దేర్" ఉన్నాడన్నమాట.

ఇవన్నీ మావాడికి ఫోన్లో చెప్పాను. "నాన్నా, మాకు ఊరి పేరు కాదు, పాప పేరు కావాలి" అన్నాడు.

దారి చూపించింది పాస్టరు గారు. శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. అయ్యాక టీ తాగుతూ మా ఆవిడ క్యాలెండరు కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన సెమినరీలో గ్రీకు చదువుకున్నారు, కానీ ఆ గ్రీకును ఇన్నాళ్ళకు ఒకరు అడగడం ఇదే మొదటిసారనుకుంటాను, మొహం వెలిగిపోయింది.

"అమ్మగారూ, పాత నిబంధనలోనే ఒక గ్రీకు పేరుంది, చూసుకోలేదా?"

"పాత నిబంధన మాకు అయిపోయిందండీ."

"మొదటి పేజీల్లోదే ఉండిపోయింది. ఆదాము తన భార్యకు ఏం పేరు పెట్టాడు?"

మా ఆవిడ చప్పున నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "హవ్వ!" అంది.

అది జవాబో, దిగ్భ్రాంతో నాకు ఈనాటికీ తెలీదు. తెలుగు బైబిలు చదివే ప్రతి పిల్లా ఆ పేరు దగ్గర ఒకసారి నవ్వే ఉంటుంది. పక్కింటి అమ్మాయి ఎవరితోనో లేచిపోయిందంటే అనే మాట, మానవజాతి తల్లి పేరు రెండూ ఒకటే కావడం మన భాష చేసుకున్న అదృష్టం.

పాస్టరు గారు టీ కప్పు పక్కన పెట్టి చెప్పారు. హవ్వ అనే హీబ్రూ పేరుకు జీవమనే మాటతో సంబంధం ఉంది. క్రీస్తుకు పూర్వం అలెగ్జాండ్రియాలో యూదు పండితులు ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి మార్చినప్పుడు, ఆ పేరు పెట్టే వచనం దగ్గర మాత్రం పేరును పేరుగా వదలక దాని అర్థాన్నే పేరు చేశారు. గ్రీకులో జీవం అంటే జోయె. తర్వాతి అధ్యాయంలో మళ్ళీ ఎవ అని మామూలు పేరుకు వచ్చేశారు. ఒక్కచోటే జోయె.

అలెగ్జాండ్రియా అనగానే నా చెవులు నిక్కాయి. అలెగ్జాండర్ కట్టించిన ఊరు. అరబ్బులు ఇస్కందరియా అంటారు. అంటే ఒక లెక్కన సికింద్రాబాదే. మా మనవరాలి పేరు సికింద్రాబాద్‌లో తర్జుమా అయింది! ఈ సంగతి పాస్టరు గారితో అంటే ఆయన ఇంకో బిస్కట్టు తీసుకున్నారు.

డాలస్‌లో పరీక్ష పావు నిమిషంలో ముగిసింది. పంతులమ్మ మూడక్షరాలూ చూడగానే పలికేసి, పైగా ఎంత చక్కటి పేరు అని తనే పొగిడింది. కోడలు ఒప్పుకుంది. మావాడు, దీన్ని కత్తిరించడానికి ఇంకేం మిగల్లేదు, టిమ్ అయ్యే ప్రమాదం లేదు అన్నాడు. మా ఆవిడ, బైబిల్లో మూడో అధ్యాయంలోనే ఉంది, ఇంకేం కావాలి అంది. మాస్టారికి చెబితే కాస్త గునిశారు. తెలుగులో జ రెండు రకాలు, జాతిలోది ఒకటి, జొన్నలోది ఒకటి. ఇంగ్లీషువాడు పలికేది ఈ రెండూ కాదు. ప్రాచీన గ్రీకులో ఆ అక్షరాన్ని ఎలా పలికేవారన్న దాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు, కాబట్టి మీరు జొన్న జ పలకండి, ఎవరూ కాదనలేరు అని తీర్పిచ్చారు.

అత్తయ్య ఒక్కతే ఒప్పుకోలేదు. "జోయి ఏంట్రా, వాయి వేసినట్టు" అంది. రాత్రి ప్రార్థనలో మాత్రం పొట్టలో ఉన్న బిడ్డను రొదే పేరుతోనే ప్రభువుకు అప్పగించేది. పైవాడికి రెండు పేర్లు చేరుతున్నాయి, రికార్డుల్లో తేడా వస్తుంది అని నేనంటే, ఆయనకి గ్రీకు వచ్చులే అంది.

జూన్‌లో పాప పుట్టింది. ఏడు పౌన్లు. మాకు పౌన్లు తెలీవు, మాకు కిలోలు కావాలి, మావాడు లెక్క కట్టేలోగా వీడియోలో పాప ఏడుపు లంకించుకుంది. కోడలు ఊపుతోంది, మావాడు ఊపుతున్నాడు, ఆపడం ఎవరి తరం కావడం లేదు. అప్పటిదాకా గోడ వైపు తిరిగి కూర్చున్న అత్తయ్య ఇక ఉండబట్టలేక ఫోన్ లాక్కుని, నర్సుగా వందల మందిని ఊరుకోబెట్టిన గొంతుతో అంది. "జో... జో... జో..."

పాప ఊరుకుంది.

"చూశారా మామయ్యా, పేరు ఎంత బాగా పలికిందో మామ్మ! మాకే సరిగ్గా రావట్లేదు" అంది కోడలు.

"నేను పేరు పిలవలేదమ్మాయ్" అంది అత్తయ్య. "జోకొట్టాను." ఫోన్ నా చేతిలో పెట్టేసి లేచి వెళ్ళింది. జొన్నలో జ. మాస్టారు వింటే చేతులెత్తి దణ్ణం పెట్టేవారు.

మర్నాడు మిఠాయి పొట్లం పట్టుకుని కిందికి దిగాను. వాచ్‌మన్ లడ్డూ అందుకుని, "ఏం పేరు పెట్టిన్రు సార్ పాపకు?" అన్నాడు.

"జోయి."

అప్పుడే బస్సొకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"రోజీనా? మస్తుంది సార్."

సరిదిద్దుదామని నోరు తెరిచాను. ఇంకో బస్సు. ఈలోగా పాలవాడు వచ్చాడు, వాచ్‌మన్ వాడికి చెప్పాడు, పాలవాడు రెండో అంతస్తుకు మోసుకెళ్ళాడు. సాయంత్రానికల్లా మా సందులో నేను రోజీ తాతనైపోయాను. ఆరింటికి ఇస్త్రీ అతను బట్టల మూటతో తలుపు తట్టాడు. ఎవరూ అంటే బయటి నుంచే, "నేనే సార్, ఇస్త్రీ. రోజీ తాతా, మిఠాయి నాకేదీ?" అన్నాడు.

గడియ మీద చెయ్యి వేసినవాణ్ణి వేసినట్టే ఆగిపోయాను. రోజీ. రోజా. గులాబీ.

తలుపు వదిలేసి లోపలికి పరుగెత్తాను. అత్తయ్య కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కీర్తనలు చదువుకుంటోంది.

"అత్తయ్యా, రొదే! వీధి వీధంతా పాపని రొదే అంటున్నారు!"

"నీకేమన్నా పిచ్చా?" అంది.

"కాదత్తయ్యా, నిజం. నువ్వే విను."

మా ఆవిడ వంటింట్లోంచి ఏమిటా గోల అంటోంది. నేను మొదటి నుంచీ చెప్పుకొస్తున్నాను. అత్తయ్య నమ్మడం లేదు. బయట ఇస్త్రీ అతను తలుపు తడుతూనే ఉన్నాడు.